గ్రీన్‌లాండ్ ప్రజల మాట కూడా వేయండి

సంపాదకుడు గారికి,

అమెరికా, యూరప్ దేశాల మధ్య పేచీ అనగానే మన దగ్గర చర్చంతా సుంకాలు, రక్షణ ఖర్చుల మీదే నడుస్తోంది. అవి తెగని తగవులు కావు. ఖర్చు పెంచమని ట్రంప్ అడగడంలో న్యాయం ఉంది కూడా. 2035 నాటికి జీడీపీలో 5 శాతం రక్షణకు పెడతామని, అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి నాటోలోని దేశాలు 2025 జూన్‌లో హేగ్‌లో ఒప్పుకున్నాయి. నాకు బాధ కలిగిస్తున్నది గ్రీన్‌లాండ్ వ్యవహారం.

డెన్మార్క్ కింద స్వయంప్రతిపత్తితో ఉన్న ఆ దీవి కోసం సైన్యాన్ని వాడబోమని హామీ ఇస్తారా అని 2025 జనవరిలో అడిగితే ట్రంప్ ఇవ్వనన్నారు. ఏడాది తర్వాత ఎనిమిది యూరప్ దేశాలపై అదనపు సుంకాలు వేస్తానని బెదిరించి, దావోస్‌లో వెనక్కి తగ్గారు. బలప్రయోగం చేయనని కూడా అక్కడే చెప్పారు. కానీ దీవి కావాలన్న పట్టు వదల్లేదు.

ఇదంతా ఎవరితో? 1949లో నాటోను స్థాపించిన 12 దేశాల్లో ఒకటైన డెన్మార్క్‌తో! ఒక సభ్యదేశంపై దాడి జరిగితే అందరిపైనా జరిగినట్టే అనే అయిదో అధికరణాన్ని నాటో ఇప్పటిదాకా ఒక్కసారే అమలు చేసింది. అది 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత, అమెరికా కోసమే. ఆ తర్వాతి అఫ్గానిస్థాన్ యుద్ధంలో చిన్న దేశమైన డెన్మార్క్ 40 మందికి పైగా సైనికులను పోగొట్టుకుంది.

దీవిని అడుగుతున్నది భద్రత కోసమేనన్న ట్రంప్ వాదన నాకు నమ్మదగ్గదిగా లేదు. 1951 ఒప్పందం ప్రకారం అమెరికాకు అక్కడ సైనిక స్థావరాలు పెట్టుకునే వీలుంది. పిటుఫిక్ స్థావరం ఇప్పటికీ నడుస్తోంది. ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో వేల సంఖ్యలో ఉన్న బలగాన్ని తగ్గించుకున్నది అమెరికాయే. పైగా 1916లో డెన్మార్క్ నుంచి వెస్టిండీస్ దీవులను కొనే ఒప్పందం సందర్భంగా, గ్రీన్‌లాండ్ అంతటికీ డెన్మార్క్ తన ప్రయోజనాలను విస్తరించుకుంటే అభ్యంతరం లేదని రాసిచ్చింది కూడా అమెరికాయే.

డెన్మార్క్ పాలన మచ్చలేనిదని నేను అనను. 1960, 70లలో గ్రీన్‌లాండ్ మూలవాసులైన వేలమంది ఇన్యూట్ మహిళలకు, బాలికలకు వాళ్ల అనుమతి లేకుండా గర్భనిరోధక సాధనాలు అమర్చారు. దానికి ప్రధాని ఫ్రెడరిక్సన్ 2025లో క్షమాపణ చెప్పారు. అందుకే స్వాతంత్ర్యం కోరేవాళ్లు అక్కడ చాలామందే ఉన్నారు. రెఫరెండం ద్వారా విడిపోయే హక్కు గ్రీన్‌లాండ్ స్వపరిపాలనకు సంబంధించిన 2009 చట్టంలోనే ఉంది. అయినా 2025 జనవరి సర్వేలో 85 శాతం అమెరికాలో కలవడం ఇష్టం లేదన్నారు. ఆ మార్చిలో వాళ్ల పార్లమెంటులోని అయిదు పార్టీల నాయకులూ ట్రంప్ తీరును ఖండిస్తూ ఉమ్మడి ప్రకటన చేశారు.

మీ అంతర్జాతీయ పేజీలో వాషింగ్టన్, కోపెన్‌హేగన్ మాటలతో పాటు గ్రీన్‌లాండ్ రాజధాని నూక్‌లో ఏమంటున్నారో కూడా వేయమని మనవి.

– ఒక పాఠకుడు, హనుమకొండ