తులసి కోట పోయడానికి 53 గ్రేడే ఎందుకండీ?

ఎడిటర్ గారికి నమస్కారమండి,

మాది కడియం దగ్గర, నర్సరీల మధ్యన చిన్న యార్డండి. తులసి కోటలు, పూలకుండీలు, తోటల్లో పెట్టుకునే కొంగలు, ఏనుగులు, ఈ మధ్య పేవర్ బ్లాకులు కూడా పోస్తున్నాం. మొన్న ఒక స్కూలు ఆవరణలో బ్లాకులు పరచాలి కొటేషన్ ఇవ్వమంటే నేను స్లాగ్ సిమెంటు (ఉక్కు ఫ్యాక్టరీ చిట్టెం కలిపిన సిమెంటు), ఊక బూడిద కలిపిన బ్లాకులు ఇస్తానన్నాను, శాంపిల్ కూడా పట్టుకెళ్ళాను, వాళ్ళేమో "కాగితంలో ఓపీసీ 53 గ్రేడ్ అని ఉందండి, వేరేది కుదరదు" అనేశారు (ఓపీసీ అంటే మామూలు సిమెంటు, 53 అంటే దాని బలం గ్రేడు), బ్లాకు చేత్తో పట్టుకుని చూసింది కూడా లేదు. అప్పట్నుంచి మనసులో ఉన్నదే ఇలా రాస్తున్నాను.

సిమెంటు ఎలా వస్తదో మా పనోళ్ళకే చాలామందికి తెలీదండి. సున్నపురాయిని కొలిమిలో 1450 డిగ్రీల దాకా కాలుస్తారు. బొగ్గు పొగ సంగతి అటుంచండి, అసలు రాయిలోంచే కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తది. స్వచ్ఛమైన సున్నపురాయి 100 కిలోలు కాలిస్తే 44 కిలోలు గాల్లో కలిసి 56 కిలోల సున్నం మిగుల్తది. ప్రపంచం మొత్తం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో 7-8 శాతం సిమెంటుదే అంటున్నారు. పిల్లర్లకి, స్లాబులకి తప్పదు, ఒప్పుకుంటాను. కానీ జనం చెప్పులేసుకుని నడిచే బ్లాకుకి, పెరట్లో తులసి కోటకి అంత గట్టి సిమెంటు అంత మోతాదులో ఎందుకండి?

మా గోదావరి జిల్లాల్లో రైసు మిల్లులకి కొదవ లేదు. బాయిలర్‌లో ఊక కాల్చగా వచ్చిన బూడిదని రోడ్డు పక్కన, కాలవ గట్ల మీద పోసేస్తారు, గాలేస్తే బండి మీద వెళ్ళేవాళ్ళ కళ్ళల్లో పడతది. ఆ బూడిదలో ఎక్కువ భాగం సిలికా. సరిగ్గా కాలి, మెత్తగా ఆడిస్తే సిమెంటు గట్టిపడేటప్పుడు మిగిలే సున్నంతో కలిసి అదీ గట్టిపడతది. మేం 50 కిలోల బస్తాలో 5 కిలోల సిమెంటు తగ్గించి 5 కిలోల బూడిద కలుపుతున్నాం. నల్లగా ఉన్నది మాత్రం తీసుకోకూడదండి, కార్బన్ ఎక్కువుంటది, నీళ్ళు తాగేస్తది, బ్లాకు గుల్లబారిపోతది. మొదట్లో తెలీక అలాంటి బూడిదతో వంద కుండీలు పోసి అన్నీ పారేసుకున్నాం. బూడిద రంగులోకి తిరిగింది ఏరి తెచ్చుకుని, ఆడించి, జల్లెడ పట్టాలి, మూతికి గుడ్డ కట్టుకుని మరీ చెయ్యాలి ఆ పని.

ఇక స్లాగ్ సిమెంటు అంటే ఉక్కు ఫ్యాక్టరీల్లో బ్లాస్ట్ ఫర్నేస్ నుంచి వచ్చే చిట్టెం కలిపింది, అందులో స్లాగ్ 25 నుంచి 70 శాతం దాకా ఉండొచ్చు. పీపీసీ అనే ఇంకో రకం సిమెంటులో అయితే ఫ్లైయాష్ (బొగ్గు కరెంటు ప్లాంట్ల బూడిద) 15 నుంచి 35 శాతం. రెండూ ఐఎస్ఐ మార్కుతో మామూలు షాపులోనే దొరుకుతున్నాయి. మరి అందరూ ఎందుకు వాడట్లేదంటే, అసలు కష్టం అచ్చుల దగ్గరుంది. 53 గ్రేడ్‌తో ఇవాళ పోస్తే రేపు పొద్దున్నే అచ్చు విప్పొచ్చు, స్లాగ్ బాగా ఎక్కువున్నదైతే చలికాలంలో ఎల్లుండికి గానీ రాదు, అంటే అంతే పనికి రెట్టింపు అచ్చులు కావాలి, జాగా కావాలి, పైగా రెండు వారాలైనా తడపాలి. చిన్న యార్డువాడికి అదంతా చేతి డబ్బే. కానీ అలా తడిపిన బ్లాకు నెల దాటాక కూడా గట్టిపడుతూనే ఉంటది, అంచులు కూడా అంత తొందరగా రాలవు.

కుండీలకి కంకర మానేసి కోనసీమ కొబ్బరి పొట్టు, పెర్లైటు (తేలికపాటి తెల్ల గుళికలు) కలిపి పోస్తున్నాం. సిమెంటు ఒక పాలు, అవి రెండూ కలిపి మూడు పాళ్ళు. పొట్టుని రెండు మూడు నీళ్ళు మార్చి కడగాలి, దాని పసర ఉంటే సిమెంటు సెట్ అవ్వదు. ఇదివరకు ఇద్దరు మోసే కుండీని ఇప్పుడు మా ఆవిడ ఒక్కతే మోసేస్తది. దీన్ని నడిచేదారిలో బ్లాకుగా మాత్రం వేయకండి, బరువు ఆగదు.

వీడియోల్లో చూసి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బొమ్మలు ఆరుబయట పెడుతున్నారు, రెండు వానలకి కరిగిపోతాయి. కాగితం గుజ్జు కుండీలూ అంతే. జియోపాలిమర్ అని ఒకటి వచ్చింది, సిమెంటే అక్కర్లేదు, మంచిదే, కానీ అందులో కాస్టిక్ సోడా వాడతారు, చర్మం మీద పడితే కాల్చేస్తది, పిల్లలున్న ఇంట్లో దాని జోలికి పోవద్దు. మన పాత గోపురాల మీద బొమ్మలు, గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధుల మీద లతలు, పువ్వులు అన్నీ గానుగ సున్నంతో చేసినవే కదండి. ఆ సున్నం ఆరేటప్పుడు గాల్లోంచి కార్బన్ డయాక్సైడ్ కొంత తిరిగి తీసుకుంటది కూడా. ఒక తులసి కోట అలా చేసి చూశాను, చాలా అందంగా వచ్చింది గానీ నెలన్నర పట్టింది, అమ్మకానికి లెక్క కుదరలేదు.

విశాఖలో కాళిదాస్, భానుమతీదాస్ గార్లు ఎప్పుడో ఫ్లైయాష్, సున్నం, జిప్సం కలిపి కాల్చకుండా ఇటుక చేసే ఫాల్-జి పద్ధతి కనిపెట్టారు. 2021 డిసెంబరు 31న కేంద్రం థర్మల్ ప్లాంట్లు బూడిద మొత్తం వాడకంలోకి తేవాలని నోటిఫికేషన్ కూడా ఇచ్చింది. మాలాంటోళ్ళం పది బస్తాలు కావాలని ఒక ప్లాంటుకి వెళితే మాత్రం ట్యాంకర్ లోడు తీసుకోండి లేకపోతే వెళ్ళండి అన్నారు. ట్యాంకర్ బూడిద ఎక్కడ దించుకోవాలండి మేం? మండలానికి ఒక చోటైనా బస్తాల్లో అమ్మితే ఎంతమందిమి కొనుక్కుంటాం.

పంచాయతీలు, మున్సిపాలిటీల టెండర్లలో సిమెంటు రకం రాయడం మానేసి బ్లాకుకి ఎంత బలం ఉండాలో, ఎంత మందం ఉండాలో అది రాయమనండి. పేవర్ల స్టాండర్డ్ ఐఎస్ 15658 ప్రకారం పీపీసీ, స్లాగ్ సిమెంటు కూడా వాడుకోవచ్చు. మా యార్డులో 90 రోజులు దాటిన శాంపిల్ బ్లాకులు ఓ వంద దాకా పక్కన పెట్టి ఉంచాను, ఏ ఇంజనీరు గారొచ్చినా వాటిల్లోంచి తనే ఏరుకుని ల్యాబ్‌కి పట్టుకెళ్ళొచ్చు, టెస్టు ఖర్చు నేనే పెట్టుకుంటాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కడియం మండలం, తూర్పు గోదావరి జిల్లా