రెండో పెట్టె ఉంది, దానికి లైనే లేదు

సంపాదకులకు,

కిటికీకి అంటించిన ‘సర్వర్ డౌన్’ కాగితం చూడనివారు కర్నూలులో ఉండరు. పదకొండేళ్లుగా ఇక్కడ నెట్‌వర్క్ పనులు చేసుకుంటున్నవాణ్ణి. చాలాసార్లు ఆ కాగితం వెనక సర్వర్ చక్కగానే ఉంటుంది.

పోయిన నెల ఒక సోమవారం నగరంలోని ఒక ఆఫీసు (పేరెందుకులెండి) నుంచి ఫోన్ వచ్చింది. కౌంటర్ ముందు యాభై మంది దాకా ఉన్నారు. ఓర్వకల్లు నుంచి తెల్లారే బస్సెక్కి వచ్చిన ఒకామె, నా చేతిలో ల్యాప్‌టాప్ చూసి, “మళ్లీ రేపు రావల్లా నాయనా?” అని నన్నే అడిగింది.

ర్యాక్‌లో రెండు ఫైర్‌వాల్‌లు (ఆఫీసుకూ ఇంటర్నెట్‌కూ మధ్య కాపలా కాసే పెట్టెలు). ఒకటి పనిచేస్తుంటే రెండోది స్టాండ్‌బైలో, అంటే అది ఆగితే అందుకోవడానికి సిద్ధంగా ఉండాలి. చూస్తే రెండూ యాక్టివే! పింగ్ (లైను అందుతోందా అని పంపే పరీక్ష సందేశం) కొడితే పదిలో నాలుగుకు జవాబు వస్తుంది, ఆరు పోతాయి. ఈ పెట్టెలు హార్ట్‌బీట్ కేబుల్ మీద ‘నేనున్నా’ అని ఒకదాన్నొకటి పలకరించుకుంటూ ఉంటాయి. ఇలాంటి జతల కోసం ఉన్న వీఆర్ఆర్‌పీ అనే పద్ధతిలో అయితే మామూలుగా సెకనుకోసారి. మూడు పలకరింపులు అందకపోతే నాలుగు సెకన్లలోపే రెండోది పగ్గాలు అందుకుంటుంది. ఇక్కడ ఆ కేబుల్ నేరుగా వేయకుండా మధ్యలో చిన్న స్విచ్ పెట్టారు. దాని అడాప్టర్ కాలిపోయింది. దాంతో ఒకటి చచ్చిందని మరొకటి అనుకుని, ఒకే ఐపీ అడ్రస్‌ను (నెట్‌వర్క్‌లో చిరునామా) నాదంటే నాదని కూర్చున్నాయి. మావాళ్లు దీన్ని స్ప్లిట్ బ్రెయిన్ అంటారు. ఒక ఒరలో రెండు కత్తులన్నమాట.

రెండోదాన్ని ఆపేశాను, కౌంటర్లు నడిచాయి. సాయంత్రం జనం వెళ్లాక రెండింటి మధ్య రెండు కేబుళ్లు నేరుగా వేసి, మొదటిదాని పవర్ లాగాను. రెండోది యాక్టివ్ అయింది గానీ ఇంటర్నెట్ రాలేదు. ప్రొవైడర్ రూటర్‌లో పాత ఏఆర్‌పీ ఎంట్రీ (ఏ ఐపీ ఏ పెట్టెదో రాసిపెట్టుకున్న గుర్తు) ఉండిపోయిందేమో అనుకున్నా. కొన్ని రూటర్లు నాలుగు గంటలదాకా పాత మ్యాక్ అడ్రస్‌నే (పాత పెట్టె గుర్తింపు నంబరునే) పట్టుకుని ఉంటాయి. అరగంట దానికే పోయింది. చివరికి ర్యాక్ వెనక టార్చ్ వేసి చూస్తే, బయటి లైను మొదటి పెట్టెకే ఉంది. రెండోదానికి బయటి లైను పెట్టాల్సిన వ్యాన్ పోర్టుకు కంపెనీ పెట్టిన రబ్బరు మూత కూడా తీయలేదు. మూడేళ్లుగా! పొద్దున పొరపాటున మొదటిదాన్ని ఆపి ఉంటే ఏమయ్యేదో. రెండింటి పవర్ వైర్లూ ఒకే యూపీఎస్‌కు ఉన్నాయి, అది వేరే కథ.

“ఎప్పుడైనా టెస్ట్ చేశారా?” అంటే, “బాగున్నదాన్ని కదపడమెందుకు సార్?” అన్నాడు అక్కడి ఉద్యోగి. ఆయన్ని తప్పుపట్టను, కదిపాక ఆగిపోతే మాట పడేది ఆయనే. టెండర్‌లో రెండు అడుగుతారు, రెండు వచ్చాయని లెక్కపెట్టి బిల్లు పాస్ చేస్తారు. మొదటిది లాగేసినా కౌంటర్‌లో ఒక సర్టిఫికెట్ ప్రింటయి చేతికొచ్చిందా అని చూశాకే బిల్లు పాస్ చేయండి. ఏఎంసీలోనూ (ఏటా కుదుర్చుకునే నిర్వహణ ఒప్పందం) మూడు నెలలకోసారి ఈ పరీక్ష చేయాలని రాయించండి. రెండో శనివారం ఒక గంట చాలు, ఆ రోజు కౌంటర్లు ఎలాగూ మూసే ఉంటాయి.

– ఒక నెట్‌వర్క్ టెక్నీషియన్, కర్నూలు