బంగారు కుటుంబాలకి రెండేళ్లు తోడుండే మనిషిని ఇవ్వండి: సెర్ప్ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి నమస్కారం.

2025 ఉగాది రోజున మన రాష్ట్ర ప్రభుత్వం పీ4 (ప్రభుత్వం, ప్రైవేటు, ప్రజల భాగస్వామ్యం) మొదలుపెట్టింది. కలిగినవాళ్లు మార్గదర్శులుగా ముందుకొచ్చి, అట్టడుగున ఉన్న ఇళ్లని బంగారు కుటుంబాలుగా దత్తత తీసుకోవాలన్నది దాని ఉద్దేశం. నాకు ఆ ఉద్దేశం నచ్చింది. నేను గోదారి పాయల మధ్య ఉండే కోనసీమ లంక గ్రామాల్లో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ తరఫున చాలాకాలం కార్యకర్తగా తిరిగినదాన్ని. ఆ సంస్థ విదేశీ విరాళాలతో నడిచేది. ఏ సాయం నిలబడిందో, ఏది సంక్రాంతి దాకా కూడా ఆగలేదో దగ్గరుండి చూశాను. ఊరూరా ఉన్న మహిళా సంఘాల్ని నడిపే సెర్ప్ (గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ) మీ చేతిలో ఉంది కాబట్టి మీకే రాస్తున్నాను.

పక్కపక్కనే ఉన్న రెండు లంకల సంగతి చెబుతాను. ఒక తుపాను తర్వాత రెండు చోట్లా పేద ఇళ్లకి మేకలు ఇచ్చారు. మొదటి లంకకి ఒక సంస్థ లారీలో మేకల్ని రేవు దాకా తెచ్చి, పంటు మీద దాటించి, బ్యానర్ ముందు ఫొటోలు తీసుకుని వెళ్లిపోయింది. సంక్రాంతి నాటికి వాటిలో సగానికి పైగా సంతకి చేరాయి. అమ్ముకున్నవాళ్లని నేను తప్పు పట్టను. ఇంట్లో గింజ లేనప్పుడు గుంజకి కట్టిన మేకని చూస్తూ ఎవరూ పస్తుండరు.

రెండో లంకలో మా వాళ్లు పనిచేశారు. అక్కడ భర్త పోయిన ఒక అక్క ఉండేది. పీచు మిల్లులో కూలి చేసి ఇద్దరు పిల్లల్ని సాకేది. ఆవిడకి మేకలతో పాటు మొదటి కొన్ని నెలలు తిండి ఖర్చుకి వారానికి కొంత డబ్బు ఇచ్చారు. మా కార్యకర్త వారం వారం నాటు పడవ మీద వెళ్లేది. వెళ్లగానే మేకల గురించి అడిగేది కాదు. "ఈ వారం రెండు పూటలా పొయ్యి వెలిగిందా అక్కా?" అని అడిగేది. ఆ తర్వాతే మేకల దగ్గర కూర్చుని ఒక్కోదాని కాలూ ఎత్తి, గిట్టల మధ్య వేలు పెట్టి చూసేది. బురదలో నానితే అక్కడ కుళ్లు పడుతుంది, కుంటే మేక మేయదు. వానలకి ముందే చిటుక రోగం టీకా వేయించేది. వరద గోదారి వస్తే ఏటిగట్టు మీద ఎవరి పాకలో కట్టుకోవాలో జూన్‌లోనే మాట్లాడి పెట్టేది. ఆ అక్క బ్యాంకులో ఖాతా తెరిచిన రోజు మా కార్యకర్త ఆవిడ పక్కనే నిలబడింది. వితంతు పింఛను దరఖాస్తు ఏ కాగితం దగ్గర ఆగిపోయిందో కనుక్కుని, మండల ఆఫీసుకి తీసుకెళ్లింది. పిల్లాడికి జ్వరం వచ్చి ఆవిడ కూలికి పోలేని వారం కూడా మేకలు ఇంట్లోనే ఉన్నాయి. ఆ వారం ఇల్లు గడిచింది తిండి డబ్బుతోనే.

మేకలు రెండు చోట్లా ఒకటే మంత్రిగారూ. 2022 జులైలో ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకలు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. ఇలాంటి నేల మీద పశువుని పంచడం ఒక్క పూట పని. దాన్ని ఆగస్టు దాటించడం అసలు కష్టం.

ఈ పద్ధతి మేం కనిపెట్టింది కాదు. బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే సంస్థ 2002లో నిరుపేదల కోసం దీన్ని మొదలుపెట్టింది. ఒక ఆస్తి, కొన్నాళ్లు తిండి ఖర్చు, పని నేర్పడం, పొదుపు, వైద్యం, వీటన్నిటినీ కలిపి సుమారు రెండేళ్లు వదలకుండా ఇంటింటికీ తిరగడం. విడిగా ఒక్కటి ఇచ్చి చేతులు దులుపుకోరు. తర్వాత ఇథియోపియా, ఘనా, హోండురస్, భారత్, పాకిస్తాన్, పెరూ దేశాల్లో పదివేలకు పైగా కుటుంబాల మీద దీన్ని పరీక్షించి, 2015లో ఫలితాలు ప్రచురించారు. సాయం ఆగిపోయిన ఏడాది తర్వాత కూడా ఆ ఇళ్లలో తిండి, ఆదాయం, ఆస్తి మెరుగ్గానే ఉన్నాయి. ఆరింట ఐదు దేశాల్లో పెట్టిన ఖర్చుకి మించి లాభం కనిపించింది. హోండురస్‌లో దెబ్బతింది, అక్కడ ఇచ్చిన కోళ్లు చాలావరకు రోగాలొచ్చి చచ్చిపోయాయి. మా కార్యకర్త గిట్టల మధ్య వేలు ఎందుకు పెట్టేదో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

మన తెలుగు నేల మీద ఎదురుదెబ్బ కూడా ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. ఉమ్మడి రాష్ట్రంలో మెదక్ జిల్లాలో ఇలాంటి కార్యక్రమమే జరిగితే పెద్ద తేడా రాలేదు. అదే కాలంలో కూలి రేట్లు పెరిగాయి, సాయం అందని ఇళ్లు కూడా అంతే బాగుపడ్డాయి. చాలామంది పశువుల్ని అమ్మేసి కూలికి వెళ్లారు. కూలి గిట్టుబాటయ్యే చోట పశువుని అంటగట్టి లాభం లేదని నాకు దీన్నిబట్టి అర్థమైంది. లంకలో మేక సరిపోవచ్చు, నర్సాపురం వైపు లేసు అల్లే ఆడవాళ్లకి మేకతో పనేముంది? ఆ లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అల్లే చేతికి ముక్క లెక్కన వచ్చే కూలి పెరగాలన్నా, మధ్యవర్తి లేకుండా అమ్ముకోవాలన్నా కావలసిన సాయం వేరు. ఏ ఇంటికి ఏది అవసరమో ఆ ఇంట్లో కూర్చుని అడిగితేనే తెలుస్తుంది.

ఏ విదేశీ సంస్థా చేయలేని పనులు కూడా ఉన్నాయి. మా డెల్టాలో పొలం దున్నేవాళ్లలో చాలామంది కౌలుదార్లే. మక్తా, అంటే యజమానికి ఇవ్వాల్సిన కౌలు, ముందే మాట్లాడుకుంటారు, సార్వా పంట మునిగినా బస్తాలు కొలవాల్సిందే. 2019 చట్టం ప్రకారం సాగు హక్కు కార్డు కావాలంటే 11 నెలల ఒప్పంద పత్రం మీద యజమాని సంతకం ఉండాలి. ఆ సంతకం పెట్టడానికి చాలామంది యజమానులకి భయం. కార్డు లేకపోతే బ్యాంకు అప్పు లేదు, నష్టపరిహారం యజమాని ఖాతాలో పడుతుంది. ఎంత మంచి సంస్థ వచ్చినా ఆ సంతకం తేవడం దాని వల్ల కాదు. అది ప్రభుత్వమే తేల్చాలి.

1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపాను మా ప్రాంతంలో వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది, కొబ్బరి తోటల్ని నేలమట్టం చేసింది. బియ్యం, బట్టలు, టార్పాలిన్లు చాలాచోట్ల నుంచి వచ్చాయి, ఆ రోజుల్లో అవే ప్రాణం నిలబెట్టాయి. కానీ కొబ్బరి మొక్క కాపుకి రావాలంటే ఏళ్లు పడుతుంది. దింపు తీసేవాళ్లు, వలిచేవాళ్లు, పీచు మిల్లు ఆడవాళ్లు అన్నేళ్లు ఏం తినాలన్నది సహాయ శిబిరం ఎత్తేశాక ఎవరూ అడగలేదు. 2025 అక్టోబరులో మొంథా తుపాను నర్సాపురం దగ్గర తీరం దాటాక కూడా నాకు అదే దిగులు పట్టుకుంది.

విదేశీ విరాళాల చట్టం కేంద్రానిదని నాకు తెలుసు. అయినా ఒక మాట మీ ద్వారా ఢిల్లీకి చేరాలి. 2020 సవరణ తర్వాత విదేశీ నిధులు తీసుకున్న సంస్థ ఆ డబ్బుని ఇంకో సంస్థకి ఇవ్వకూడదు. లెక్క అడగండి, ఖాతాలు తనిఖీ చేయండి, అందులో మాకు అభ్యంతరం లేదు. కానీ పెద్ద సంస్థకి లంకలో పడవ దిగే మనిషి ఉండదు, ఆ మనిషి ఉన్న చిన్న సంస్థకి ఢిల్లీలో దాతలు తెలియరు. ఆ రెంటి మధ్య ఉన్న దారిని మూసేశారు. కచ్చితమైన తనిఖీతో దాన్ని తిరిగి తెరవాలని మీరు రాయండి.

మిగతాదంతా మీ చేతిలోనే ఉంది. బీహార్ ప్రభుత్వం 2018లో ఇదే పద్ధతిని సతత్ జీవికోపార్జన్ యోజన పేరుతో తన మహిళా సంఘాల వ్యవస్థలోనే కలిపి నడిపించింది. మన డ్వాక్రా సంఘాలు, గ్రామ సమాఖ్యలు ఎప్పటినుంచో ఉన్నాయి. పీ4లో మార్గదర్శి ఇచ్చే డబ్బుకి ఒక మనిషిని జతచేయండి. గ్రామ సమాఖ్య నుంచే ఒక ఆడమనిషిని ఎంచుకుని, శిక్షణ ఇచ్చి, సరైన జీతం ఇచ్చి, నడిచో పడవెక్కో తిరగగలిగినన్ని ఇళ్లే ఆమెకి అప్పగించండి. రెండేళ్లు మార్చకండి. దత్తత అయిన కుటుంబాలు ఎన్ని అని కాకుండా, రెండో వరద దాటాక ఎన్ని ఇళ్లలో ఆస్తి ఇంకా మిగిలి ఉందో అధికారుల్ని అడగండి.

ముమ్మిడివరం, ఐ.పోలవరం, సఖినేటిపల్లి మండలాల లంకల్లో వచ్చే వరదలకి ముందే దీన్ని మొదలుపెట్టండి. మే నెల చివరికి మనిషి ఊళ్లో ఉంటే టీకాలు, ఏటిగట్టు మీద చోటు, పింఛను కాగితాలు జూన్‌లో అయిపోతాయి. ఆ శిక్షణకి పిలిస్తే నాలాంటి పాత కార్యకర్తలం వస్తాం.

ఇట్లు,
కోనసీమ లంక గ్రామాల్లో పనిచేసిన ఒక కార్యకర్త