గిడుగు ఫొటో కింద ఆ తెలుగేమిటి?

సంపాదకులు గారికి,

పోయిన వారం మీ ఆదివారం అనుబంధంలో ఆ చిన్న పట్నం మ్యూజియం గురించి అరపేజీ రాశారు. కొత్త హంగులు అన్నారు. నమ్మి, మనవరాలిని వెంటబెట్టుకుని ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సెక్కాను. హంగులు నిజమే. ఏసీ ఉంది, గ్రానైట్ నేల ఉంది, ప్రారంభించిన పెద్దల పేర్లతో నిలువెత్తు శిలాఫలకం ఉంది. మొత్తం భవనంలో అక్షరదోషం లేనిది ఆ ఫలకం ఒక్కటే.

లోపల పాత గుడి ద్వారబంధం ఒకటి నిలబెట్టారు. పైకమ్మి మీద నవగ్రహాలు. శ్రీకాకుళం జిల్లా ముఖలింగం గుడి చూసొచ్చినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు, కళింగ పద్ధతి గుళ్లలో గుమ్మం పైన అవి ఉండాల్సిందే. దాని కింద పలక మీద ఏముందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "తూర్పు గంగా నది కాలపు తలుపు చట్రం. కూర్చున్న తొమ్మిది పురుషులు." తూర్పు గాంగులు నది అయిపోయారు! సింహాచలంలో, కోణార్క్‌లో చేతిపని చూపించిన వంశం సార్ అది. "గంగానది ఇటు పారేదా తాతా?" అని పిల్ల అడిగితే నేనేం చెప్పను? ఇంగ్లిషు పలకను ఏ ఫోన్‌లోనో వేసి, వచ్చింది వచ్చినట్టు చెక్కించేశారని తెలుస్తూనే ఉంది.

పక్క గది సాహిత్యానిది. అక్కడ 'కన్యాశుల్కం' నవలట. 1892లో విజయనగరంలో ఆడిన నాటకం, 1897లో అచ్చయిన నాటకం, మన జిల్లాల్లో రామప్పంతులు మాటలు అప్పజెప్పని ఇల్లుండదు. దాని పక్కనే గిడుగు రామమూర్తి పంతులు గారు. ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టి, పర్లాకిమిడి బడిలో పాఠాలు చెప్పుకుంటూ, ఆ గుడి శాసనాలు చదవడానికి పాతలిపులు సొంతంగా నేర్చుకున్న మనిషి. జనం మాట్లాడే తెలుగే రాయండి మొర్రో అని జీవితమంతా పోరాడిన మనిషి. ఆయన ఫొటో కింద "వ్యావహారిక భాషోద్యమ ఆద్యతన ప్రవర్తకత్వ నిర్వాహకులు" అని ఉంది. ముప్ఫై రెండేళ్లు తెలుగు పాఠాలు చెప్పినవాణ్ని, నాకు అర్థం కాలేదు.

ఏటా ఆగస్టు 29న ఆయన బొమ్మకు దండలు వేసి, మైకు ముందు తెలుగు తెలుగు అని గొంతు చించుకునేది ఈ అధికారులే కదా! బీచ్ రోడ్డులో రంగురంగుల దీపాలకు దొరికే డబ్బు నాలుగు పలకలు తిరగరాయించడానికి దొరకదా? ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చరిత్ర శాఖ ఉంది, తెలుగు శాఖ ఉంది. అడిగితే ఒక పూటలో దిద్దిపెట్టరూ? అడిగే ఓపిక ఎవరికి! ఫిర్యాదు రాద్దామని పుస్తకం తెరిస్తే దారానికి కట్టిన పెన్నులో ఇంకు లేదు. మరుగుదొడ్డి తాళం సంగతి ఎత్తను.

ఆ తాళాలు పట్టుకుని తిరిగే వాచ్‌మన్ మాత్రం మా అవస్థ చూసి దగ్గరకొచ్చాడు. "మనుషులు కారు బాబూ, నవగ్రహాలివి. మా ఊరి శివాలయం గుమ్మం మీదా ఉన్నాయి. గుడిలోకెళ్లేముందు దిష్టి తగలకుండా ఎట్టేవోరంట" అన్నాడు. పిల్లకు వెంటనే అర్థమైంది. మళ్లీ టెండర్లూ కమిటీలూ ఎందుకు, ఆయన చెప్పింది చెప్పినట్టు ఆ పలక మీద రాయించమనండి.

- ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు,
ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం