డీజిల్ ఫిల్టర్ రేటు ఎందుకు పెరిగిందంటే

మన షెడ్‌కి వచ్చే టిప్పర్ ఓనర్లందరికీ నమస్తే.

ఈ నెల నుంచి వోల్వో సర్వీసు బిల్లు పెరుగుతుంది. పెరిగేది డీజిల్ ఫిల్టర్ రేటు ఒక్కటే, ఇకమీద కంపెనీ డీలర్ దగ్గర కొన్నదే వేస్తాం కాబట్టి. లేబర్ చార్జీ పాతదే.

గోదావరిఖనిలో ఓబీ (బొగ్గు మీదున్న మట్టి, రాయి) తోలే కొన్ని బండ్లు లోడుతో గనిలోంచి పైకొచ్చే హాల్ రోడ్డు ఎక్కలేక, నల్ల పొగ కక్కుతూ వచ్చాయి. విప్పితే, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల ముక్కులు అరిగి ఉన్నాయి. అనుమానం వచ్చి ఫిల్టర్‌ని హాక్సా బ్లేడుతో నిలువునా కోయించాను. కాగితం మడతలు పలచగా ఉన్నాయి, మూత దగ్గర గమ్ ఒక పక్క పట్టనే లేదు. డీజిల్ ఆ సందులోంచి వడపోత లేకుండానే పోయింది. డబ్బా మీద హోలోగ్రామ్ మాత్రం ధగధగా మెరుస్తోంది.

సప్లయర్‌ని అడిగితే, "ఫారిన్ బండ్లు సుకుమారం సార్, మన దుమ్ముకి ఆగవు" అన్నాడు.

సరుకు వాపసు తీసుకోకపోతే పోయె, ఆ మాటే నాకు మింగుడు పడలేదు. మెకానికల్ ఇంజినీరింగ్ చదివి, ఇన్నేళ్లుగా ఈ స్వీడన్ ఇంజిన్లు విప్పుతున్నవాణ్ని. 12.8 లీటర్లు, ఆరు సిలిండర్లు. టైమింగ్ గేర్లు వెనక ఫ్లైవీల్ వైపు ఉంటాయి, క్రాంక్ షాఫ్ట్ వణుకు అక్కడ తక్కువని. వాటిని చూడాలంటే గేర్‌బాక్స్ దించాలి. ఆ పని వచ్చినప్పుడల్లా డిజైన్ చేసినవాణ్ని తిట్టుకుంటాను, కానీ ఆ పని రావడమే అరుదు. ఐ-షిఫ్ట్ (వోల్వో ఆటోమేటిక్ గేర్) బండికి క్లచ్ పెడలే లేదు, కొత్త డ్రైవర్ ఎక్కినా గేరు సరిగ్గానే పడుతుంది. ఇందులో సుకుమారం ఎక్కడుంది? ఒక్క ఇంజెక్టర్ల దగ్గర మాత్రం మోసం చెల్లదు. అక్కడ డీజిల్ 1,000 బార్లు దాటిన ప్రెషర్‌తో పోతుంది, కంటికి కనబడని ఇసుక కూడా ఆకురాయిలా గీకుతుంది.

మిగిలిన స్టాకు ఏం చేయాలన్నదే నాకు నిద్ర లేకుండా చేసింది. సగం రేటుకి వేరే ఊరి షాపుకి అమ్మేద్దాం అన్నాడు మా మేస్త్రీ. లెక్క ప్రకారం అతను చెప్పిందే కరెక్టు, నాకు బ్యాంకు కిస్తీ ఉంది. కానీ అవి తిరిగి తిరిగి మీలో ఎవరి బండికో వస్తాయి. అన్నీ కోయించి తుక్కులో వేశాను. ఇప్పుడు ఆ సప్లయర్ డబ్బులు ఇస్తానన్నా అతని గడప తొక్కను.

ఇంజెక్టర్లు అరిగిన బండ్ల ఓనర్లతో విడిగా మాట్లాడుకున్నాం. దసరా తర్వాత మన దగ్గర ఫిల్టర్ వేయించుకున్న మిగతావాళ్లు బండి తీసుకురండి, కంపెనీ డీలర్ దగ్గర కొన్నది ఉచితంగా వేస్తాం. షిఫ్ట్ మారే టైంలో వస్తే తొందరగా అవుతుంది. బయట కొన్న ఫిల్టర్ తెచ్చి "ఇది వెయ్యి అన్నా" అంటే మాత్రం వేయను, బతిమాలొద్దు. అలా వేసే షెడ్లు రోడ్డు పొడుగునా ఉన్నాయి. అక్కడికి వెళ్తే నేను ఏమీ అనుకోనని మాత్రం చెప్పలేను.