వేలి సంగతి

చిన్నా,

ఇక్కడ అందరం క్షేమం. నీ దగ్గర నుంచి కబురు వచ్చి ఇవాళ్టికి 22 రోజులు. పని ఒత్తిడిలో ఉంటావులే అని సర్దిచెప్పుకుంటున్నాను.

నిన్న అక్క మాటల మధ్యలో నీ కుడిచేతి వేలు వాచినట్టుందని అంది. గట్టిగా అడిగేసరికి "ఏమో, ఫోటోలో అలా అనిపించింది" అని మాట మార్చేసింది. సరే, ఆ సంగతి తర్వాత.

నాన్నగారు మీ కిబ్బుట్జ్‌ల గురించి, అదే ఇజ్రాయెల్‌లో అందరూ కలిసి పనిచేసుకుంటూ బతికే ఆ పల్లెల గురించి, దొరికిందల్లా చదివి వినిపిస్తున్నారు. మొట్టమొదటిది దెగానియాట. 1910లో 10 మంది మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు కలిసి కిన్నెరెట్ సరస్సు ఒడ్డున మొదలుపెట్టారట. నువ్వుండే లోయ సముద్రమట్టానికి 200 మీటర్లు దిగువన ఉందని విన్నప్పటి నుంచి నాకు అదో బెంగ. వేసవిలో 40 డిగ్రీలు దాటుతుందట కదా! టోపీ లేకుండా తోటలోకి వెళ్లకు. ఇప్పుడు చలికాలమే అనుకో, అయినా చెబుతున్నాను.

చలికాలం అంటే గుర్తొచ్చింది. పూత రాకముందే ఖర్జూరపు మట్టల ముళ్లు కోసేయాలని, లేకపోతే పుప్పొడి అద్దేటప్పుడు చేతులు చీరుకుపోతాయని పోయిన ఉత్తరంలో నువ్వే రాశావు. ఖర్జూరమూ మన ఈతచెట్టూ అన్నదమ్ములే. ఈతముల్లు ఏం చేస్తుందో ఈ ఇంట్లో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

అక్క పుట్టిన ఏడాది తాతయ్య ఈతమట్టలు కొడుతుంటే చూపుడువేలి కణుపులో ముల్లు దిగింది. పైకి కనిపించినంత లాగేసి, గుడ్డ చుట్టుకుని మళ్లీ పనిలోకి వెళ్లిపోయారు. పది రోజులకు గాయం మానింది. కణుపు వాపు మాత్రం తగ్గలేదు. పొద్దున లేవగానే వేలు ముడుచుకునేది కాదు. ఎవరూ చూడకుండా అమ్మమ్మే చొక్కా గుండీలు పెట్టేది. ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదు. ముల్లు ఎముకలా అందులో పడదట. వాతం అన్నారు. మందులు మింగినన్నాళ్లు తగ్గేది, మానగానే మళ్లీ వాచేది. నాలుగు నెలల తర్వాత ఒక డాక్టరు కీలు తెరిచి చూస్తే లోపల నల్లటి మొన ఉంది, బియ్యపుగింజలో సగం. దాన్ని చిన్న సీసాలో వేసి ఇచ్చారు. ఆ సీసా పాత బీరువాలోనే ఉంది. రాత్రి తీసి చూశాను.

నీకు పాఠాలు చెప్పాలని కాదు. కానీ వంట, పాలు పితకడం, తోటపని అన్నీ వంతులవారీగా నడిచే చోట నువ్వు ఒకరోజు మానితే ఇంకొకరి మీద పడుతుందని ఊరుకుంటావు. నీ స్వభావం నాకు తెలియదా? పదిమందీ కలిసి బతకడం నేర్చుకోవాలనే కదా అంత దూరం వెళ్లావు! కలిసి బతకడమంటే పని పంచుకోవడం ఒక్కటే కాదురా, నొప్పి చెప్పుకోవడం కూడా. వాలంటీర్ల బాధ్యత చూసే ఆవిడతో ఈరోజే చెప్పు. చేరేటప్పుడు ఆరోగ్య బీమాకు డబ్బు కట్టించుకున్నారు కదా, మొహమాటం దేనికి? డాక్టరు దగ్గర "ఖర్జూరపు ముల్లు" అన్న మాట తప్పకుండా అనాలి, ఉత్తి వాపు అనకు. ధనుర్వాతం ఇంజెక్షన్ సంగతీ అడుగు. మందమైన చేతి తొడుగులు అడిగి తీసుకో. పొడవు చేతుల చొక్కా వేసుకో.

ఉత్తరం రాయడానికి తీరిక లేకపోతే పోనీ. రెండు చేతులూ పక్కపక్కన పెట్టి, మంచి వెలుతురులో ఫోటోలు తీసి పంపు. వేళ్లు చాపి ఒకటి, పిడికిలి బిగించి ఒకటి.

అమ్మ