మా కోళ్ళ కోసం వచ్చిన కాంపౌండర్ గారికి దండాలు

అందరికీ నమస్కారమండి. వారం నుంచీ కంటి మీద కునుకు లేదు, తప్పులుంటే సర్దుకోండి. మా కోళ్ళ శాంపిళ్ళు పరీక్షకి భోపాల్ ల్యాబుకి వెళ్ళాయి, నిన్న సాయంత్రం అక్కణ్ణుంచి రిపోర్టు వచ్చిందని ఫోన్ చేశారు, బర్డ్ ఫ్లూ కాదంట, కొక్కెర తెగులే (కోళ్ళకొచ్చే రాణీఖేత్ వైరస్ జబ్బు) అంట. ఫోన్ పెట్టేసి అరుగు మీద కూలబడి ఏడ్చేశాను.

మాది తణుకు దగ్గర పల్లె. వేల్పూరు కోళ్ళ ఫారంలో బర్డ్ ఫ్లూ అని తేలినప్పుడే మా పెరట్లో కోళ్ళు కూడా కునికిపాట్లు మొదలెట్టాయి, రెక్కలు వేలేసి, పచ్చగా పారుకుంటా, నోరు తెరుచుకుని గురగురమంటా. ఒక పెట్టకైతే మెడ మెలి తిరిగిపోయింది. 23 ఉంటే మూడు రోజుల్లో 14 పోయాయి. వీధిలో ఎవరూ మా గుమ్మం తొక్కలేదు, భయం కదా, వాళ్ళని ఏమనను.

అప్పుడొచ్చారండి ఆయన. పక్క ఊరు, పశువుల ఆసుపత్రిలో కాంపౌండర్‌గా చేసి రిటైరయ్యారంట, మందుల షాపులో మా సంగతి విని మోపెడ్ వేసుకుని వచ్చేశారు. అంతకుముందు మొహం కూడా తెలీదు. మాస్కు కట్టుకుని, కాళ్ళకి ప్లాస్టిక్ కవర్లు తొడిగి రబ్బర్ బ్యాండ్లు వేసుకుని పెరట్లోకి దిగారు. గొయ్యి ఆయనే తవ్వారు, ఆ వయసులో. మా చిన్నోడి నల్ల పెట్టని సంచిలో వెయ్యబోతుంటే వాడు దూరంగా నించుని వెక్కుతున్నాడు. ఆయన ఆగి, దీని పేరేంటి బాబూ అనడిగారు. చిట్టి అన్నాడు వాడు. తన భుజం మీద తువ్వాలు తీసి, చిట్టిని అందులో చుట్టి, మెల్లగా దించి, పైన సున్నం చల్లి మట్టి కప్పారు. తువ్వాలు కూడా అందులోనే. ఇది రాస్తుంటే మళ్ళీ వచ్చేస్తోంది ఏడుపు.

పశుసంవర్ధక శాఖ ఆఫీసుకి నాలుగుసార్లు ఫోన్ చేశామండి, కోళ్ళ ఫారాల పని అయ్యాక వస్తాం అన్నారు. ఈయన తన పాత పరిచయాలతో మాట్లాడాకే టీం వచ్చి శాంపిళ్ళు తీసింది. ఒకవేళ బర్డ్ ఫ్లూ అని తేలినా వాళ్ళు చంపిన కోళ్ళకే డబ్బులంట, ముందే చచ్చిపోయినవాటికి రూపాయి రాదంట. కొక్కెర తెగులు టీకా సంగతి ఇంకా ఘోరం. బుడ్డిలో వంద డోసులుంటాయి, కలిపాక గంట రెండు గంటల్లో వాడెయ్యాలి, పది కోళ్ళున్న ఇంటికి ఎవరు ఓపెన్ చేస్తారు? చిన్న బుడ్డీలు ఎందుకు చెయ్యరో. ఈయన మాత్రం ఇవాళ పొద్దున్నే ఫ్లాస్కులో ఐసు వేసి టీకా తెచ్చి, ఊళ్ళో జబ్బు తగలని కోళ్ళున్న ఇళ్ళన్నీ తిరిగి రెక్క కింద చర్మానికి వేశారు, చిన్న కోడిపిల్లలకి కంట్లో లసోటా అనే టీకా చుక్క. డబ్బులిస్తే తీసుకోలేదు, మజ్జిగ తాగారంతే.

మా ఆయన, అత్తయ్యగారు ఎంత చేశారో చెప్పక్కర్లేదు, ఇంట్లోవాళ్ళు.

అయ్యో మర్చిపోయా, సున్నం బస్తా అడగ్గానే ఇచ్చిన తాపీమేస్త్రి గారికి, పశువుల హెల్ప్‌లైన్ 1962 నంబరుకి ఫోన్ చేస్తే ఓపిగ్గా విన్న అమ్మాయికి, పిల్లలకి జ్వరాలేమైనా ఉన్నాయా అని రోజూ అడిగిన ఆశా అక్కకి కూడా. ఇంకా ఎదురింటి మావయ్యగారు, రాత్రిపూట గోడ అవతల నుంచే టార్చి పట్టుకున్నారు పాపం.